పంకా పగ్గాలు ఎవరి చేతిలో?

1993లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన తొలి పెంటియం ప్రాసెసరు సుమారు 15 వాట్ల విద్యుత్తుతో సరిపెట్టుకునేది. 2022లో అదే సంస్థ తెచ్చిన ‘కోర్ ఐ9–13900కె’ పూర్తి వేగంతో పనిచేసేటప్పుడు 253 వాట్ల దాకా లాగుతుంది. అదే సంవత్సరం ఎన్విడియా సంస్థ విడుదల చేసిన ‘ఆర్‌టిఎక్స్ 4090’ గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 450 వాట్లు తీసుకుంటుంది. రెండూ కలిస్తే 700 వాట్లు. ఇంట్లో వాడే తేలికపాటి ఇస్త్రీపెట్టెకు ఇంచుమించు సమానం. లెక్కలు కట్టినా, బొమ్మలు గీసినా, ఆటలు ఆడించినా ఈ విద్యుత్తు అంతా చివరకు వేడిగానే మారుతుంది. ఇస్త్రీపెట్టె ఆ వేడిని బట్టలకు అప్పగిస్తుంది. కంప్యూటరు దానిని గాలికి అప్పగించాలి.

గాలి చాలా బలహీనమైన కూలీ. ఒక్కసారి మోయగలిగే బరువు స్వల్పం. కనుక ఎక్కువసార్లు తిప్పాలి. 500 వాట్ల వేడి వెలువడే పెట్టెలో నుంచి బయటికి వచ్చే గాలి, లోపలికి వెళ్లే గాలికన్నా 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే నిమిషానికి సుమారు రెండున్నర ఘనమీటర్ల గాలి ప్రవహించాలి. పెట్టె ఘనపరిమాణం 50 లీటర్లనుకుంటే అందులోని గాలి యావత్తూ దాదాపు సెకనుకొకసారి మారిపోవాలన్నమాట. పెట్టెకు ముందూ వెనుకా బిగించే పంకాలు చేసే పని ఇదే. ప్రాసెసరు నెత్తిన కూర్చునే పంకా వేరు, ఇవి వేరు. అది వేడిని లోహపు రేకుల నుంచి గాలిలోకి తోస్తుంది. ఇవి ఆ గాలిని ఇంట్లోకి సాగనంపుతాయి.

అన్ని పంకాలనూ ఎల్లవేళలా పూర్తి వేగంతో తిప్పితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. సరిపోదు. పంకా వేగం రెట్టింపయితే వీచే గాలి రెట్టింపవుతుంది. అది తినే విద్యుత్తు మాత్రం ఎనిమిది రెట్లవుతుంది. శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. ఇంత ఖర్చుకూ ఇంత రొదకూ దక్కే ప్రతిఫలమేమిటో కూడా చూడాలి. పై ఉదాహరణలో గాలిని రెట్టింపు చేస్తే 10 డిగ్రీల తేడా 5 డిగ్రీలకు దిగుతుంది. మళ్లీ రెట్టింపు చేస్తే రెండున్నరకు. రొద పెరిగేకొద్దీ లాభం తరుగుతూ పోతుంది. నిశ్శబ్దంగా చదువుకోవలసిన గదిలో, పసిపిల్లలు నిద్రించే ఇంట్లో ఈ బేరం ఎవరికీ గిట్టదు. అందుకే అవసరాన్ని బట్టి పంకాల వేగం మార్చే ఏర్పాటు కావలసి వచ్చింది.

ఆ ఏర్పాటు చూడడానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. పాత పద్ధతి పంకాకు మూడు తీగలు. ఒకటి నేల తీగ, రెండవది 12 వోల్టులు మోసేది, మూడవది పంకా ఎంత వేగంగా తిరుగుతున్నదో మదర్‌బోర్డుకు కబురందించేది. పంకా ఒక చుట్టు తిరిగితే ఈ మూడో తీగ మీద రెండు స్పందనలు వెలువడతాయి. సెకనుకు 40 స్పందనలు వచ్చాయంటే పంకా నిమిషానికి 1200 చుట్లు తిరుగుతున్నట్టు. ఈ రకం పంకా వేగం తగ్గించాలంటే వోల్టేజిని తగ్గించడమొక్కటే మార్గం. మరీ తగ్గిస్తే ఆగిపోతుంది. ఆగినది అదే వోల్టేజి దగ్గర మళ్లీ కదలదు. కదులుతున్న బండిని తోయడం సులువు, నిలిచిన బండిని కదిలించడం కష్టం.

2004 ప్రాంతంలో ఇంటెల్ నాలుగు తీగల పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇందులో 12 వోల్టులు ఎప్పుడూ పూర్తిగా అందుతూనే ఉంటాయి. నాలుగో తీగ మీద మాత్రం సెకనుకు 25,000 సార్లు ‘తిరుగు, ఆగు’ అన్న ఆజ్ఞ వెళుతుంది. ఒక్కొక్క ఆవృత్తికి 40 మైక్రోసెకన్లు. అందులో 16 మైక్రోసెకన్లు ‘తిరుగు’, 24 మైక్రోసెకన్లు ‘ఆగు’ అయితే పంకా 40 శాతం ఆజ్ఞ మీద నడుస్తున్నట్టు. 25,000 అన్న సంఖ్యను ఊరికే ఎంచుకోలేదు. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకే పసిగడుతుంది. ఆజ్ఞల చప్పుడు వినికిడికి అందకుండా ఆ గీతకు పైన ఉంచారు.

ఇంతవరకు చిక్కేమీ లేదు. ఈ ఆజ్ఞ ఎవరివ్వాలి, దేనిని చూసి ఇవ్వాలి అన్నదగ్గరే అసలు కథ మొదలవుతుంది.

మదర్‌బోర్డు మీద, ఒక మూల, ఎవరి కంటా పడని చిన్న చిప్ ఒకటి ఉంటుంది. ఐటిఇ, నువోటన్ అన్న తైవాన్ సంస్థలు తయారుచేసేవి ఎక్కువగా కనబడతాయి. ఉష్ణోగ్రతలు కొలవడం, పంకాల స్పందనలు లెక్కించడం, నాలుగో తీగ మీద ఆజ్ఞలు పంపడం దాని విధులు. కంప్యూటరు మేలుకొనగానే ‘బయాస్’ అనే ఆదిమ ప్రోగ్రాము ఈ చిప్‌కు ఒక పట్టిక అప్పగిస్తుంది: ఇన్ని డిగ్రీలుంటే ఇంత వేగం, అన్ని డిగ్రీలుంటే అంత వేగం. ఈ పట్టికను గ్రాఫుగా గీస్తే వచ్చే గీతకు ‘ఫ్యాన్ కర్వ్’ అని పేరు. ఆపైన విండోస్ వచ్చినా రాకపోయినా, లినక్స్ నడిచినా మొరాయించినా చిప్ తన పని తాను చేసుకుపోతుంది. నమ్మకమైన నౌకరు. కాని దాని చూపు ఆనదు.

ఎలాగంటే, ఈ చిప్ సాధారణంగా ప్రాసెసరు ఉష్ణోగ్రతనూ, బోర్డు మీద ఒకటి రెండు చోట్ల ఉష్ణోగ్రతనూ మాత్రమే చూడగలదు. గ్రాఫిక్స్ కార్డు లోపల ఏం జరుగుతున్నదో చాలా బోర్డులలో దానికి తెలియదు. కాని ఆటలాడేవారి ఇంట్లో, కృత్రిమ మేధ నమూనాలకు శిక్షణ ఇచ్చేవారి గదిలో పెట్టెను కొలిమిగా మార్చేది గ్రాఫిక్స్ కార్డే. అది 400 వాట్లు వెదజల్లుతుండగా ప్రాసెసరు సగం ఖాళీగా కూర్చుంటుంది. ప్రాసెసరు చల్లగానే ఉన్నది కదా అని చిప్ పెట్టె పంకాలను మెల్లగా తిప్పుతుంది. వంటింట్లో పాలు పొంగుతూ ఉంటే వీధి వసారాలో కూర్చుని ఇల్లంతా ప్రశాంతంగా ఉన్నదనుకునే పెద్దమనిషి తీరు ఇది.

దీనికి విరుద్ధమైన ఇబ్బంది కూడా ఉన్నది. ప్రాసెసరు ఉష్ణోగ్రత మహా చంచలం. ఒక వెబ్ పేజీ తెరిస్తే చాలు, సెకనులో 20 డిగ్రీలు ఎగిరి, మరు సెకనులో కిందికి దిగుతుంది. పెట్టెలోని గాలి అంత త్వరగా వేడెక్కదు, చల్లబడదు. ప్రాసెసరుకు ముడివేసిన పెట్టె పంకాలు మాత్రం ప్రతి ఎగురుకూ గర్జించి, ప్రతి దిగుడుకూ మూలుగుతాయి. ఒకే స్థాయిలో సాగే రొదను చెవి కాసేపటికి మరచిపోతుంది. హెచ్చుతగ్గుల రొదను మరువలేదు.

ఇది కంప్యూటర్లతో పుట్టిన జబ్బు కాదు. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రానికి వేగనియంత్రణ కోసం తిరిగే గుండ్ల గవర్నరును అమర్చాడు. తరువాతి కాలంలో అటువంటి గవర్నర్లు గల యంత్రాలు కొన్ని నిలకడ తప్పి, వేగం పెంచుతూ తగ్గిస్తూ ఊగిసలాడేవి. దిద్దుబాటు మరీ తొందరగానో, మరీ ఆలస్యంగానో జరిగితే వచ్చే వ్యాధి అది. 1868లో భౌతికశాస్త్రజ్ఞుడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఈ గవర్నర్ల మీద ఒక పత్రం రాసి, నిలకడకు కావలసిన షరతులను గణితంలో చెప్పాడు. నేటి పంకా సాఫ్ట్‌వేరులో కనిపించే ‘హిస్టరిసిస్’ అన్న మాట కూడా పందొమ్మిదో శతాబ్దిదే. అయస్కాంతత్వాన్ని పరిశోధించిన జేమ్స్ ఆల్ఫ్రెడ్ యూయింగ్ గ్రీకు నుంచి దానిని తీసుకున్నాడు. వెనుకబడడం, ఆలస్యంగా రావడం అని అర్థం. ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు మారేదాకా, లేదా కొన్ని సెకన్లు గడిచేదాకా పంకా స్పందించకుండా ఆపి ఉంచడమే ఇక్కడ దాని పని. తెలుగులో దీనిని ‘తాత్సారం’ అనవచ్చు. మనిషిలో దోషమనిపించుకునే గుణం పంకాకు సుగుణమైంది.

ఈ రెండు కొరతలనూ తీర్చడానికే విండోస్‌లోనో, లినక్స్‌లోనో నడిచే పంకా నియంత్రణ ప్రోగ్రాములు పుట్టాయి. మదర్‌బోర్డు తయారీదారులు తమ బోర్డులతో తామే ఇస్తారు: అసుస్ వారి ‘ఫ్యాన్ ఎక్స్‌పర్ట్’, ఎంఎస్ఐ వారి ‘ఎంఎస్ఐ సెంటర్’ అటువంటివి. బయటివారు రాసినవీ ఉన్నాయి. అల్ఫ్రెడో మిలానీ కంపరెట్టి రాసిన ‘స్పీడ్‌ఫ్యాన్’ 2000 దశకంలో ఎందరికో పరిచితం. ఇటీవల ‘ఫ్యాన్ కంట్రోల్’ అన్న ఉచిత ప్రోగ్రాము ఆ స్థానాన్ని ఆక్రమించింది. లినక్స్ వాడేవారికి 1998 నుంచీ ‘ఎల్ఎం సెన్సర్స్’ ఉన్నది. వీటి బలం వీటి దృష్టిలో ఉన్నది. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, డిస్కు, బోర్డు, అన్నిటి ఉష్ణోగ్రతలూ ఇవి చదవగలవు. రెండింటిలో ఏది ఎక్కువైతే దానిని అనుసరించమనవచ్చు. గత అర నిమిషపు సగటును చూడమనవచ్చు. ఏ పంకా ఎంత ఆజ్ఞ దగ్గర కదలడం మొదలుపెడుతుందో తమంతట తామే పరీక్షించి తెలుసుకునేవి కూడా ఉన్నాయి. సవ్యంగా అమర్చినప్పుడు ఫలితం అద్భుతమనే చెప్పాలి. పని లేనప్పుడు పెట్టె ఉన్నదా అన్నంత నిశ్శబ్దం. భారం పెరిగినప్పుడు, శ్రోతకు తెలియకుండా సంగీతకారుడు శ్రుతి హెచ్చించినట్టు, మెల్లగా పెరిగే గాలి.

అయితే ఈ కళ్లున్న నౌకరుకు ప్రాణం గట్టిది కాదు. చిప్‌కు కొన్ని స్థితులు ఉంటాయి. లినక్స్ వాటిని అంకెలతో బయటపెడుతుంది: సున్నా అంటే నియంత్రణ లేదు, పంకా పూర్తి వేగం; ఒకటి అంటే బయటివారు చెప్పినట్టు; రెండు, ఆపైన అంటే చిప్ తన పట్టిక ప్రకారం. ప్రోగ్రాము పగ్గాలు చేపట్టాలంటే చిప్‌ను ‘ఒకటి’కి మార్చాలి. అంటే చిప్ తన వివేకాన్ని పక్కనబెట్టి చివరిసారి విన్న ఆజ్ఞను పట్టుకుని కూర్చుంటుంది. ప్రోగ్రాము మర్యాదగా సెలవు తీసుకుంటే, వెళుతూ వెళుతూ చిప్‌ను పాత స్థితికి చేరుస్తుంది. హఠాత్తుగా చచ్చిపోతే ఆ అవకాశం ఉండదు. కంప్యూటరు ఖాళీగా ఉండి పంకా 30 శాతం మీద నడుస్తున్న సమయంలో ప్రోగ్రాము కూలిందనుకుందాం. ఆ తరువాత రాత్రంతా వీడియో తయారీ సాగినా, పంకా ఆ 30 శాతం మీదనే నడుస్తుంది. తెర మీద ఏ హెచ్చరికా రాదు. నిద్రపుచ్చి లేపిన కంప్యూటరులోనూ ఇటువంటి పొరపొచ్చాలు అప్పుడప్పుడూ తలెత్తుతాయి.

ఇంకొక ప్రమాదం ఇంతకన్నా లోతైనది. చిప్‌తో నేరుగా మాట్లాడే హక్కు మామూలు ప్రోగ్రాములకు లేదు. విండోస్ గర్భగుడిలోకి ప్రవేశం గల ‘డ్రైవరు’ ఒకటి మధ్యవర్తిగా కావాలి. పంకాల ప్రోగ్రాములలో, రంగు దీపాల ప్రోగ్రాములలో చాలా వాటికి ఏళ్ల తరబడి ‘విన్‌రింగ్0’ అనే ఒకే ఉచిత డ్రైవరు ఆధారంగా ఉండేది. పంకా కోసం తెరిచిన ఆ తలుపు గుండా ఇతర ప్రోగ్రాములు కూడా దూరి, కంప్యూటరు మీద సర్వాధికారం సంపాదించవచ్చునని 2020లో బయటపడింది. 2025 మార్చిలో విండోస్‌లోని డిఫెండర్ రక్షణ ప్రోగ్రాము ఈ డ్రైవరును ముప్పుగా గుర్తించి పట్టుకోవడం మొదలుపెట్టింది. నిన్నటిదాకా పనిచేసిన పంకాల ప్రోగ్రాములు హఠాత్తుగా మూగబోయాయి. కొందరు రక్షణనే సడలించి డ్రైవరును వెనక్కి తెచ్చుకున్నారు. అది తెలివైన పని అనిపించుకోదు. గాలి కోసం కిటికీ తీయవచ్చు గాని, వీధి తలుపు తీసి పడుకోకూడదు. తరువాత ప్రోగ్రాముల రచయితలు ‘పాన్‌ఐఓ’ వంటి కొత్త డ్రైవర్ల వైపు మళ్లారు.

పంకా మందగిస్తే కంప్యూటరు కాలిపోతుందా? ఒకప్పుడు ఆ భయం నిజమే. 2001లో థామస్ పాబ్స్ట్ నడిపిన ‘టామ్స్ హార్డ్‌వేర్’ పత్రికవారు ఒక ప్రయోగం చేశారు. కంప్యూటరు ఆటలో నిమగ్నమై ఉండగా ప్రాసెసరు మీది శీతలయంత్రాన్ని ఊడబెరికారు. ఇంటెల్ పెంటియం 4 వేగం తగ్గించుకుని బతికి బయటపడింది. ఎఎండి ఆథ్లాన్ క్షణాలలో పొగలు కక్కి చచ్చింది. ఇప్పటి ప్రాసెసర్లు ఎవరివైనా ఈ విషయంలో పాఠం నేర్చినవే. హద్దు చేరగానే అవి తమంతట తాము నెమ్మదిస్తాయి. ఇంటెల్ వారి చాలా ప్రాసెసర్లకు ఆ హద్దు 100 డిగ్రీల సెంటిగ్రేడు, ఎఎండి రైజెన్ 7000 శ్రేణికి 95. అప్పటికీ ఆగకపోతే కంప్యూటరే ఆరిపోతుంది. కనుక పెట్టె పంకా ఆగినంతమాత్రాన భస్మమయ్యేదేమీ లేదు. నష్టం నెమ్మదిగా, కనబడకుండా జరుగుతుంది. ప్రాసెసరుకున్న ఆత్మరక్షణ దాని చుట్టూ ఉన్న చిన్నవాటికి లేదు. ద్రవపు కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ ఇంచుమించు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లలో ఒక మోటు లెక్క ఉన్నది. గ్రాఫిక్స్ కార్డు వెనుక నక్కి ఉన్న డిస్కు వేడికి మందగించి, ఫైళ్ల నకళ్లు తీయడానికి గంటలు పడుతుంటే ఇంటివారు వైరసేమోనని అనుమానపడతారు.

మన దేశంలో దీనికి తోడుగా ఎండాకాలం ఉన్నది. పంకా ఎంత తిరిగినా పెట్టెను గది కన్నా చల్లబరచలేదు. గది వేడిమికి తన వేడిమి కలుస్తుంది. అందుచేత శీతల దేశాల గదులను, 20, 22 డిగ్రీలను, దృష్టిలో పెట్టుకుని గీసిన ఫ్యాన్ కర్వ్ నాగపూరులోనూ విజయవాడలోనూ రామగుండంలోనూ మే నెలలో తలకిందులవుతుంది. గది 40 డిగ్రీలుంటే లోపలి కొలతలన్నీ ఇంచుమించు 18 డిగ్రీలు పైకి జరుగుతాయి. జనవరిలో 42 డిగ్రీల దగ్గర విశ్రమించే ప్రాసెసరు మేలో ఏ పనీ లేకుండానే 60 దగ్గర ఉంటుంది. 50 దగ్గర వేగం పుంజుకోమని గీసిన గీత పంకాలను పొద్దస్తమానం అరిపిస్తుంది. రొద భరించలేక ఎవరో గీతను మొత్తంగా కిందికి లాగేస్తారు. భారం పడినప్పుడు కావలసిన గాలి కూడా దానితోపాటే పోతుంది. గీత మొదటి భాగాన్ని 10, 15 డిగ్రీలు కుడివైపుకు జరిపి, 80, 85 దగ్గర పూర్తి వేగం అన్న చివరి బిందువును మాత్రం ముట్టుకోకుండా ఉంచడం మేలు. ఇక దుమ్ము సంగతి. జల్లెడ మూసుకుపోయిన పంకా ఎంత వేగంగా తిరిగినా గాలి రాదు. చుట్ల లెక్క మాత్రం తెర మీద నిక్షేపంగా కనబడుతుంది. ఇది ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేని అబద్ధం.

పెద్ద సర్వర్లను నిర్మించేవారు ఈ చిక్కుముడిని ఎప్పుడో విప్పారు. ప్రతి సర్వరు బోర్డు మీదా పంకాలూ ఉష్ణోగ్రతలూ చూసుకునే మరొక బుల్లి కంప్యూటరును ప్రత్యేకంగా అమర్చారు. పెద్ద కంప్యూటరు నడిచినా నిలిచినా అది మేలుకునే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లలోనూ అటువంటి చిన్న కంట్రోలరు ఒకటి ఉంటుంది. ఇంటి బల్ల మీది పెట్టెకు ఆ భాగ్యం లేదు గనుక చేతనైనంతలో అదే క్రమాన్ని పాటించాలి. ముందు బయాస్‌లో, ఏ ప్రోగ్రామూ లేకపోయినా పెట్టె క్షేమంగా ఉండేటట్టు, కాస్త ఉదారంగా ఒక గీత గీయాలి. ఆ పైన సౌఖ్యం కోసం సాఫ్ట్‌వేరును నడుపుకోవచ్చు. పెట్టె పంకాలకు ఇచ్చే కనీస ఆజ్ఞను మరీ అడుగుకు దించకుండా, ప్రోగ్రాము చచ్చినా కొంతసేపు నెట్టుకురాగల గాలి ఉండేలా చూడాలి. కొన్ని బోర్డులలో రెండు సూదుల చిన్న అమరిక ఉంటుంది. దానికి తీగ చివరన ఉన్న ఉష్ణమాపకాన్ని తగిలించి, వెనుక పంకా దగ్గర వేడిగాలి పోయే దారిలో వేలాడదీస్తే, చిప్‌కు కావలసిన చూపు కొంతవరకు వచ్చినట్టే. గ్రాఫిక్స్ కార్డు ఊదిన వేడి ఆ దారినే పోతుంది. గాలి ఉష్ణోగ్రత నింపాదిగా మారుతుంది గనుక పంకా ఊగిసలాట కూడా దానంతట అదే తగ్గుతుంది. ఖరీదు స్వల్పం, విండోస్ అనుమతితో పని లేదు.

ఏ ఏర్పాటు చేసుకున్నా ఒక పరీక్ష మాత్రం తప్పదు. కంప్యూటరు మీద భారం లేని వేళ చూసి, పంకాల ప్రోగ్రామును టాస్క్ మేనేజరు నుంచి బలవంతంగా ముగించాలి. ఆ తరువాత బరువైన ఆటనో, వీడియో పనినో మొదలుపెట్టి పది నిమిషాలు చెవి ఒగ్గి వినాలి. పంకాల శబ్దం పెరిగిందా, పగ్గాలు చిప్ చేతికి తిరిగి వచ్చాయి. పెరగలేదంటే ఆ ప్రోగ్రామును ఆ బోర్డు మీద రాత్రివేళ ఒంటరిగా వదలకూడదు.